బిగ్ బాయ్ మోడల్స్: షెడ్డు మనిషి కళ్ళతో

నేను గుత్తి డీజిల్ షెడ్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. వాళ్ళలో మోడల్ రైళ్ళ సరదా ఉన్నవాళ్ళూ ఏటేటా పెరుగుతున్నారు. గరాజ్‌లోనో మేడ మీది గదిలోనో బల్ల వేసి పట్టాలు పరిచిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు బిగ్ బాయ్ కొనాలనిపిస్తుంది. కొనేముందు అడుగుతారు: "అంకుల్, రివరోస్సీ తీసుకోమంటారా, ఏథర్న్ తీసుకోమంటారా, బ్రాడ్‌వే లిమిటెడ్ మంచిదా?" అసలు ఇంజిన్ ఒకటే, తయారుచేసేవాళ్ళు అరడజను మంది. ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుని, పట్టాల మీద పెట్టి నడిపిస్తే ఏ రెండూ ఒకలా ఉండవు. వాటిని ఎలా పోల్చాలో షెడ్డులో నేర్చుకున్నదీ ఇక్కడి కుర్రాళ్ళ బల్లల దగ్గర చూసిందీ కలిపి రాస్తున్నాను.

బిగ్ బాయ్ మీద నాకు మమకారం ఉండటానికి కారణం ఉంది. యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం ఈ భారీ ఆవిరి ఇంజిన్‌ని తయారుచేసింది న్యూయార్క్ రాష్ట్రం షెనెక్టడీలోని ఆల్కో కంపెనీ. 1941లో 20, 1944లో 5, మొత్తం 25. అదే ఆల్కో 1962లో మన దేశానికి డబ్ల్యూడీఎం-2 డీజిళ్ళు పంపింది. 1964 నుంచి వాటిని వారణాసిలో తయారుచేసుకున్నాం. గుత్తిలో మేం రాత్రింబగళ్ళు విప్పి బిగించిన ఇంజిన్లు అవే.

1. ముందు అసలు ఇంజిన్ దగ్గరికి వెళ్ళండి

రెండు మోడల్స్‌ని పక్కపక్కన పెట్టి ఒకదానితో ఒకటి పోల్చడంతో మొదలుపెట్టకండి. అలా చేస్తే మెరిసేదే మంచిదనిపిస్తుంది. ఒక్కొక్కదాన్నీ విడిగా అసలు ఇంజిన్‌తో పోల్చాలి. 25 బిగ్ బాయ్‌లలో 8 మిగిలాయి. వాటిలో 4018 నంబరుది మన ఫ్రిస్కోలోనే ఉంది. చాలా ఏళ్ళు డల్లాస్‌లోని ఫెయిర్ పార్క్‌లో ఉండి, 2013లో ఇక్కడికి వచ్చింది. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని చూడకుండా పెట్టె మీది బొమ్మ చూసి డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

వెళ్ళినప్పుడు ఊరికే నోరు తెరిచి చూసి వచ్చేయకండి. కింద రెండు ఇంజిన్లు ఉంటాయి, ఒక్కోదానికి ఎనిమిది పెద్ద చక్రాలు. వెనక ఇంజిన్ ఫ్రేము బాయిలర్‌కి గట్టిగా బిగించి ఉంటుంది. ముందు ఇంజిన్ మాత్రమే కీలు మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఆ కీలు ఎక్కడుంది, ముందు సిలిండర్లకు ఆవిరి తీసుకుపోయే గొట్టాలు ఎక్కడ వంగే వీలుతో ఉన్నాయి, టెండర్ కింది ఐదు జతల చక్రాలు ఒకే ఫ్రేములో ఎలా కూర్చున్నాయి, ఇవి చూడండి. పెద్ద చక్రం వ్యాసం 68 అంగుళాలు. దాని పక్కన నిలబడి మీ భుజం ఎక్కడికి వస్తుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత ఏ మోడల్ చూసినా కొలత మీ ఒంట్లోనే ఉంటుంది.

2. మలుపు దగ్గరే అసలు తేడా బయటపడుతుంది

ఈ పాఠం ఒక్కటి ఒంటబట్టినా చాలు, సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ఇంజిన్, టెండర్ కలిపి అసలు బిగ్ బాయ్ పొడవు దాదాపు 40.5 మీటర్లు. ఇంత పొడుగున్నా 20 డిగ్రీల మలుపు తిరిగేలా డిజైన్ చేశారు. 20 డిగ్రీల మలుపంటే సుమారు 288 అడుగుల వ్యాసార్థం. దీన్ని హెచ్‌ఓ స్కేలుకు, అంటే 87వ వంతుకు తగ్గించండి. ఇంజిన్ 46 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, మలుపు వ్యాసార్థం మీటరు వస్తుంది. అంటే అసలు ఇంజిన్‌ని ఉన్నదున్నట్టు కుదిస్తే, అది తిరగడానికి మీటరు వ్యాసార్థం ఉన్న మలుపు కావాలి. మన ఇళ్ళల్లో బల్లల మీద ఉండేది 18 అంగుళాల మలుపు, మహా అయితే 22. అంటే 46 నుంచి 56 సెంటీమీటర్లు. కావలసినదాంట్లో సగం కంటే కొంచెం తక్కువ, మహా అయితే కొంచెం ఎక్కువ.

మరి పెట్టె మీద "18 అంగుళాల మలుపు తిరుగుతుంది" అని ఎలా రాస్తున్నారు? ఎక్కడో రాజీపడ్డారు కాబట్టే. ఇటలీ రివరోస్సీ వాళ్ళు 1960లలో తెచ్చిన పాత మోడల్ నుంచే ఆ ఉపాయం ఉంది: వెనక ఇంజిన్‌ని కూడా కీలు మీద తిరగనిచ్చారు. మెర్క్లిన్, ట్రిక్స్ మోడల్ కూడా అదే దారి. ఇది తప్పని నేననను. ఇది లేకపోతే మామూలు ఇళ్ళల్లో బిగ్ బాయ్ నడిచేదే కాదు. కాకపోతే దీని వల్ల ఏమవుతుందో కళ్ళతో చూసి కొనాలి.

ఎలా చూడాలో చెప్తాను. మీ దగ్గరున్న అతి ఇరుకు మలుపు మీద ఇంజిన్‌ని ఆపండి. బల్ల ఎత్తుకు కళ్ళు దించి ఎదురుగా చూడండి. చక్రాలు పట్టాల మీద లోపలికి తిరిగి ఉంటాయి, బాయిలర్ ముక్కు మాత్రం నేరుగా ముందుకు పోయి బయటి పట్టాను దాటి గాల్లో ఉంటుంది. ఎంత దాటిందో స్కేలు పెట్టి కొలవండి. ఆ కొలత సొరంగం గోడకు తగులుతుందా, పక్క లైన్లో వచ్చే బండికి తగులుతుందా, సిగ్నల్ స్తంభానికి తగులుతుందా? ఆ తర్వాత క్యాబ్ వైపు వెళ్ళండి. క్యాబ్‌కీ టెండర్‌కీ మధ్య ఖాళీ చూడండి. తిన్నని పట్టా మీద ఆ ఖాళీ ఎక్కువగా కనిపిస్తే, ఇరుకు మలుపు కోసం డ్రాబార్, అంటే ఇంజిన్‌నీ టెండర్‌నీ కలిపే కడ్డీ, పొడుగు పెట్టారని అర్థం. కొన్ని మోడల్స్‌లో డ్రాబార్‌కి రెండు రంధ్రాలు ఇస్తారు, ఒకటి అందానికి, ఒకటి ఇరుకు మలుపుకి. ఆ ఏర్పాటు చేసిన తయారీదారుకు నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

టెండర్‌నీ మర్చిపోకండి. ఐదు ఇరుసులు ఒకే ఫ్రేములో ఉండటం వల్ల ఇంజిన్ చక్కగా తిరిగిన మలుపులోనే టెండర్ పట్టా దిగుతుంది. మధ్య ఇరుసుల్ని వేలితో పక్కకు నెట్టి చూడండి. కాస్త జరగాలి. జరగకపోతే ఆ మోడల్‌కి విశాలమైన మలుపులే దిక్కు.

అసలు పొడవునే తగ్గించేసినవాళ్ళూ ఉన్నారు. ఓ గేజ్‌లో, అంటే 48వ వంతులో, పూర్తి బిగ్ బాయ్ 33 అంగుళాలు రావాలి. ఎమ్‌టీహెచ్ వాళ్ళు ప్రీమియర్ పేరుతో స్కేలు ప్రకారం ఒకటీ, రైల్‌కింగ్ పేరుతో ఇరుకు మలుపులకు సరిపోయేలా పొట్టిగా ఇంకొకటీ చేశారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి ఒకటి గొప్పది, ఒకటి చవకబారుది అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పిల్లలున్న ఇంట్లో, చిన్న గుండ్రటి ట్రాక్ మీద రోజూ తిరగడానికి చేసింది ఒకటి, కొలతల కోసం చేసింది ఇంకొకటి.

3. చక్రం అంచు కొలవండి

షెడ్డులో వీల్ గేజ్ లేకుండా మాకు రోజు గడిచేది కాదు. మోడల్ దగ్గర కూడా ఒక డిజిటల్ కాలిపర్ పెట్టుకోండి. పట్టాల ఎత్తును కోడ్ అంటారు. కోడ్ 100 అంటే అంగుళంలో వెయ్యో వంతులు వంద, కోడ్ 83 అంటే 83. పాత రివరోస్సీ బిగ్ బాయ్ చక్రాల ఫ్లాంజ్ చాలా లోతు. ఆ రోజుల ఎత్తైన పట్టాల మీద బాగానే పరిగెత్తేది. ఇప్పటి తక్కువ ఎత్తు పట్టాల మీద, ముఖ్యంగా కోడ్ 70 మీద, ఫ్లాంజ్ స్లీపర్ల మీది మేకుల్ని కొట్టుకుంటూ టకటకమని పోతుంది. తర్వాతి తయారీల్లో ఆ చక్రాల్ని మార్చారు. అందుకని "రివరోస్సీ ఎలా ఉంటుంది?" అనే ప్రశ్నకు అర్థం లేదు. ఏ కాలపు రివరోస్సీ అని అడగాలి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే ఇంజిన్‌ని తిరగేసి చక్రాలు చూపించమనండి, అమ్మేవాడు దూరంలో ఉంటే ఫొటో పంపమనండి.

4. గేజ్ ఒకటే అయినంత మాత్రాన స్కేలు ఒకటి కాదు

16.5 మిల్లీమీటర్ల పట్టా మీద హెచ్‌ఓ కూడా నడుస్తుంది, బ్రిటన్ వాళ్ళ డబుల్ ఓ కూడా నడుస్తుంది. మొదటిది 87వ వంతు, రెండోది 76వ వంతు. పక్కపక్కన నిలబెడితే ఒకటి ఉబ్బినట్టు కనిపిస్తుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతుకు తగ్గిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి ఎవరైనా డబ్ల్యూడీఎం-2 మోడల్ చేసి మామూలు హెచ్‌ఓ పట్టా మీద నడిపిస్తే కింద చక్రాలు దగ్గరికి వచ్చి ఇరుకుగా కనిపిస్తాయి. నా కంటికి అది వెంటనే తెలిసిపోతుంది, గుండెలో కలుక్కుమంటుంది. అయినా కొనుక్కోండి. ఉన్న పట్టాల మీద నడవాలంటే ఆ రాజీ తప్పదు.

5. ఆ మోడల్ ఇంజిన్ బతుకులో ఏ రోజుది?

ఒకే నంబరు వేసుకున్న రెండు మోడల్స్ వేర్వేరుగా ఉంటే ఒకటి తప్పని తొందరపడకండి. రెండూ సరైనవే కావచ్చు, కాలం వేరు. 1941 బ్యాచ్ టెండర్‌లో 24,000 గ్యాలన్ల నీళ్ళు పట్టేవి, 1944 బ్యాచ్‌లో 25,000. కంప్రెసర్ గాలిని చల్లార్చే ఏర్పాటు కూడా ఈ రెంటికీ వేర్వేరు. 1959లో మామూలు సర్వీసు ఆగిపోయింది. ఇక 4014 సంగతి మీకు తెలిసిందే. కాలిఫోర్నియాలోని పొమోనాలో దశాబ్దాలు కదలకుండా ఉన్నదాన్ని యూనియన్ పసిఫిక్ వెనక్కి తీసుకుంది. 2014లో తన షాయెన్ షెడ్డుకి చేర్చి, 2019 మేలో మళ్ళీ ఆవిరి పట్టించి పట్టాలెక్కించింది. కానీ ఇప్పుడది బొగ్గు తినదు, నూనెతో నడుస్తుంది. ఇప్పటి 4014 అని అమ్ముతూ టెండర్‌లో బొగ్గు కుప్ప పోస్తే ఆ మోడల్ తప్పు. 1940ల 4014 అని చెప్పి బొగ్గు పోస్తే ఒప్పు. ఏ ఏడాది నాటిదో పెట్టె మీద రాసే తయారీదారును నేను నమ్ముతాను. రాయనివాళ్ళని అడుగుతాను.

రంగు విషయం కూడా. పనిచేసిన కాలమంతా బిగ్ బాయ్‌లు నల్లగానే ఉన్నాయి. వేరే రంగుల్లో అందంగా చేసి అమ్ముతుంటే నచ్చితే కొనుక్కోండి, పోలికలో మాత్రం లెక్కపెట్టకండి.

6. నెమ్మదిగా నడిపించండి, ఇంకా నెమ్మదిగా

దుకాణంలో అందరూ వేగంగా పరిగెత్తించి చూపిస్తారు. వేగంలో లోపాలు కనిపించవు. త్రాటిల్ అతి తక్కువకు పెట్టి, పెద్ద చక్రం ఒక చుట్టు తిరగడానికి ఎంత సేపు తీసుకోగలదో చూడండి. సైడ్ రాడ్ల మీద చూపు పెట్టండి. రాడ్డు పైకి వచ్చేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఒకే ఒరవడిలో కదలాలి. ప్రతి చుట్టులోనూ ఒకే చోట చిన్న తటపటాయింపు కనిపిస్తే క్వార్టరింగ్‌లో, అంటే రెండు వైపుల రాడ్ల మధ్య ఉండాల్సిన పావు చుట్టు ఎడంలో, తేడా అయినా ఉంటుంది, ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చిట్లి అయినా ఉంటుంది. గేరు చిట్లితే టక్, టక్ అని లెక్కగా చప్పుడు కూడా వస్తుంది. పాత ఇంజిన్లలో ఇది మామూలు జబ్బే.

ఇక్కడ ఒక షెడ్డు రహస్యం చెప్పాలి. డబ్ల్యూడీఎం-2లో రెండు మూడు సిలిండర్లు బలహీనపడినా బయటికి తెలిసేది కాదు. గవర్నర్ ఇంకాస్త డీజిల్ పోసి వేగం పడిపోకుండా చూసుకునేది. మేం ఇంజిన్ తిరిగే వేగం చూసి ఊరుకోకుండా ఇంధన ర్యాక్ ఎంత ముందుకు వచ్చిందో చదివేవాళ్ళం. జబ్బు అక్కడ దొరికేది. ఇప్పటి మోడల్స్‌లో మోటారునీ శబ్దాన్నీ నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ పలక, డీసీసీ డికోడర్, కూడా అదే పని చేస్తుంది. మోటారు బిగుసుకుపోతుంటే తనే కరెంటు పెంచి వేగం నిలబెడుతుంది. బండి సాఫీగా పోతోందని మనం సంబరపడతాం. అందుకని డికోడర్ మోటారు సర్దుబాటును ఆపి ఒకసారి నడిపించండి, లేదా ఒకే బరువు, ఒకే వేగం దగ్గర రెండు ఇంజిన్లూ ఎంత కరెంటు లాగుతున్నాయో ఆమ్మీటర్ మీద చూడండి. రెండు కంపెనీల మెకానిజాన్ని పోల్చడానికి ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

పట్టా నుంచి కరెంటు ఎన్ని చక్రాలు అందుకుంటున్నాయో కూడా చూసుకోండి. చిన్న కాగితం ముక్క ఒక పట్టా మీద పెట్టి నెమ్మదిగా దాని మీదుగా పోనివ్వండి. ఆగకుండా పోతే మంచి ఇంజిన్.

7. లాగుడు: బండి దేనికోసం పుట్టిందో దానితోనే పరీక్ష

యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ నుంచి వాసాచ్ కొండలెక్కే దారిలో 1.14 శాతం ఎత్తు ఉంటుంది, అంటే 88 మీటర్లకు ఒక మీటరు. ఆ దారిలో గూడ్సు బండ్లకు సాయంగా బ్యాంకర్ ఇంజిన్లు తగిలించాల్సి వచ్చేది. 3,600 అమెరికన్ టన్నుల బండిని బ్యాంకర్ లేకుండా ఎక్కించాలని బిగ్ బాయ్‌ని తయారుచేశారు. మన దగ్గర ఘాట్ సెక్షన్లో పనిచేసిన వాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది. కాబట్టి మీ బల్ల మీద కూడా ఒక వాలు వేసి, అవే వ్యాగన్లు, అదే వాలు, రెండు ఇంజిన్లకూ అదే పరీక్ష పెట్టండి.

చక్రాలకు రబ్బరు టైర్లు వేసిన మోడల్ ఎక్కువ లాగుతుంది. కానీ రబ్బరున్న చక్రం కరెంటు అందుకోదు. ఏళ్ళు గడిస్తే రబ్బరు గట్టిపడి ఊడిపోతుంది, కొత్తవి దొరకాలి. లోహపు బాయిలర్ బరువుతో లాగే మోడల్‌కి ఆ బెడద తక్కువ, ధర ఎక్కువ.

8. శబ్దం

బిగ్ బాయ్‌కి రెండు ఇంజిన్లు. ఒక్కోటి చక్రం చుట్టుకు నాలుగుసార్లు ఆవిరి వదులుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒక్కో ఇంజిన్‌ది సెకనుకు ఆరు దెబ్బలు. రెండింటికీ మధ్య రాడ్ల బంధం లేదు కాబట్టి కాసేపు దెబ్బలు కలుస్తాయి, కాసేపు విడిపోతాయి. ఆ కలిసి విడిపోవడమే ఈ ఇంజిన్ గొంతు. మంచి డికోడర్ రెండు దెబ్బల వరసల్నీ విడివిడిగా వినిపిస్తుంది. ఒకటే వరస వినిపిస్తే అది ఇంకేదో ఇంజిన్ శబ్దం. కళ్ళు మూసుకుని ఒక నిమిషం వినండి, తెలిసిపోతుంది.

9. ఇత్తడి మోడల్స్ గురించి ఒక మాట

జపాన్ టెన్షోడో వాళ్ళు చేతితో చేసి పంపిన ఇత్తడి బిగ్ బాయ్‌లు పాత సేకరణల్లో ఇంకా ఉన్నాయి. వాటి ముందు ఇప్పటి ప్లాస్టిక్ మోడల్స్‌లోనే రివెట్లు, పైపులు ఎక్కువ స్పష్టంగా ఉండొచ్చు. అయినా సోల్డర్ పెట్టిన ప్రతి అతుకు దగ్గరా ఒక మనిషి చెయ్యి కనిపిస్తుంది. పనివాడి చెయ్యి విలువ తెలిసినవాణ్ణి కాబట్టి వాటికి నా మనసులో వేరే చోటుంది. నడపడానికి మాత్రం అవి కొనమని చెప్పను.

10. అడిగినవాళ్ళకు నేను చెప్పే జవాబు

ఇంట్లో పిల్లలుండి, మలుపులు 18 నుంచి 22 అంగుళాలే అయితే కొత్త చక్రాలున్న రివరోస్సీ తీసుకోండి. అలాంటి ఇళ్ళ కోసమే దాన్ని మొదటినుంచీ మలిచారు. గరాజంతా మీదై, 30 అంగుళాల పైన మలుపులు వేయగలిగితే ఏథర్న్ జెనెసిస్, బ్రాడ్‌వే లిమిటెడ్ రెండింటినీ మీ ఎదుట నెమ్మదిగా నడిపించి, ఏది నెమ్మదిగా సాఫీగా కదిలితే అది. నా సంగతి అడిగితే 30 అంగుళాల లోపు మలుపు మీద బిగ్ బాయ్‌ని నడిపించడం నాకు ఇష్టముండదు. బాయిలర్ అలా పట్టా వదిలి బయటికి వేలాడుతుంటే చూడలేను.

అద్దాల అల్మారాలో పెట్టుకోవడానికి లోహపు బాయిలర్ ఉన్న ట్రిక్స్ చాలా బాగుంటుంది. అదే అచ్చులో వచ్చిన మెర్క్లిన్‌ది కొనేటప్పుడు జాగ్రత్త. అది మధ్యలో కాంటాక్టులున్న మెర్క్లిన్ ట్రాక్ మీదే నడుస్తుంది, మన మామూలు రెండు పట్టాల ట్రాక్ మీద నడవదు. ఈ తేడా తెలియక కొని వెనక్కి పంపినవాళ్ళను చూశాను.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ చోటు లేదని బాధపడే కుర్రాళ్ళకు ఎన్ స్కేలులో కాటో వాళ్ళ బిగ్ బాయ్ చెప్తాను. 160వ వంతు. పాతిక సెంటీమీటర్ల ఇంజిన్, సుమారు 28 సెంటీమీటర్ల వ్యాసార్థం మలుపు కూడా తిరుగుతుంది. స్కేలు లెక్కన దానికి 55 సెంటీమీటర్లు కావాలి కాబట్టి రాజీ అక్కడా ఉంది. అయితే వెడల్పాటి డైనింగ్ టేబుల్ ఉంటే దాని మీదే 55 సెంటీమీటర్ల మలుపు కూడా వేసుకోవచ్చు. కొనేముందు టేబుల్ వెడల్పు కొలుచుకోండి. మలుపుకు రెండు వైపులా కలిపి 110 సెంటీమీటర్లు, అంచుకు అటొక అరచెయ్యి, ఇటొక అరచెయ్యి వదలండి.